పాటను కోసేస్తే కథ మిగలదు

“కథ బాగా పరిగెడుతోంది, మధ్యలో పాట పెట్టి చెడగొట్టారు” అనే మాట ఇప్పుడు సమీక్షల్లో మామూలైపోయింది. పాటలు లేని సినిమా పరిణతి చెందినదనీ, ఉన్నది ఇంకా పాతకాలంలోనే ఆగిపోయిందనీ ఒక అభిప్రాయం పాతుకుపోయింది. దీన్ని నేను ఒప్పుకోను.

‘ఆర్ఆర్ఆర్’ (2022) సంగతే చూద్దాం. ‘నాటు నాటు’ అనగానే అందరికీ స్టెప్పులూ ఆస్కారూ గుర్తొస్తాయి. ఆ పాట చివర్లో జరిగేది గమనించారా? తెల్లవాళ్లు ఒక్కొక్కరే చతికిలబడ్డాక కథానాయకులు రామ్, భీమ్ ఇద్దరే మిగులుతారు. భీమ్ మనసుపడ్డ జెన్నీ చూపంతా అతని మీదే ఉందని రామ్ కనిపెడతాడు. అంతే, కావాలనే కూలబడి గెలుపు స్నేహితుడికి వదిలేస్తాడు. ఒక్క డైలాగు లేదు. వీళ్ల స్నేహం ఎంత లోతైనదో చెప్పడానికి ఇంకెన్ని సీన్లు రాసినా ఇంత బలంగా రాదు. తర్వాత అదే రామ్ అదే భీమ్‌ని కొరడాతో కొట్టాల్సి వస్తుంది. భీమ్ మోకరిల్లడు, పాడతాడు. చూస్తున్న జనం తెగించి మీదికొస్తారు. ఊరికి తుపాకులు చేర్చడానికే బ్రిటిష్ కొలువులో చేరిన రామ్‌కి ఆయుధాల మీదున్న నమ్మకం అక్కడే కదిలిపోతుంది. ఆ పాట తీసేస్తే అతను మారడానికి కారణమే ఉండదు.

పాటతో కథ నడపడం ఆ సినిమా దర్శకుడు రాజమౌళి కనిపెట్టింది కాదు. ‘మాయాబజార్’ (1957)లో శశిరేఖా అభిమన్యుల పడవ పాటలోకే కృష్ణుడూ రుక్మిణీ, చివరికి పెళ్లికి మోకాలడ్డే బలరాముడూ రేవతీ కూడా వచ్చి చేరతారు. ‘శంకరాభరణం’ (1980)లో శంకరశాస్త్రి కచేరీ మధ్యలో కుప్పకూలితే మిగతా పాట శిష్యుడు అందుకుంటాడు. ఆ సినిమాకి ముగింపే ఆ పాట.

నిజ జీవితంలో ఎవరు పాడతారండీ అంటారు. నాట్లు వేసేచోట పాడతారు. అప్పగింతల పాటకి కళ్లు తుడుచుకోని పెళ్లిపందిరి నేనైతే చూడలేదు.

హీరో హీరోయిన్లు ఉన్నట్టుండి విదేశీ మంచుకొండల్లో తేలే పాటలు నాకూ విసుగే. లిరికల్ వీడియో ముందే వదిలేసి, ఆ తర్వాత దానికి కథలో చోటు వెతుకుతున్నారు. ఆ తప్పు రచనది. పాటలు లేకుండా ‘ఖైదీ’ (2019) గొప్పగా ఆడిందని ఉదాహరణ చూపిస్తారు. నిజమే, దాని కథకి పాట అక్కర్లేదు. ‘పుష్పక విమానం’ (1987)లో సంభాషణలే లేవు. అది చూసి డైలాగులు కథకి అడ్డమని ఎవరైనా తేల్చారా?

పాట రాకముందు పాత్రలు ఎక్కడున్నాయి, అయ్యాక ఎక్కడికి చేరాయి? సమీక్షకులు అడగాల్సింది ఇది. పావుగంట సాగే ఫైట్లను కూడా ఇదే అడగాలి. పాత్రల్ని అంగుళం కూడా కదిలించని ఫైట్‌కి మార్కులు వేసి, కథను మలుపు తిప్పే పాటకి కత్తెర వేయమనడం ఏం న్యాయం?