కుటుంబంతో గల్ఫ్ ప్రయాణం: ఏ నెలలో ఏ పని?

‘ముందు విజిట్ వీసా మీద వెళదాం, ఉద్యోగం అక్కడే చూసుకుందాం, అల్లాహ్ దారి చూపుతాడు’ అనే మాట గల్ఫ్‌కు తరలిపోదలచిన మన కుటుంబాలలో తరచుగా వినిపిస్తుంది. అల్లాహ్‌పై భరోసా విశ్వాసికి ఊపిరి వంటిదే. కాని భరోసా పేరిట ఆలోచనను మానివేయడం సరికాదు. ఒంటరి యువకుడు తప్పటడుగు వేస్తే తానొక్కడే కష్టపడతాడు. భార్యాబిడ్డలున్న గృహస్థు అడుగు తప్పితే పిల్లల చదువు, ఇల్లాలి నగలు, వృద్ధ తల్లిదండ్రుల మందుల ఖర్చు అన్నీ ఒక్కసారిగా చిక్కులో పడతాయి. అందుచేత ఉద్యోగాన్వేషణ ఎప్పుడు ఆరంభించాలన్న ప్రశ్నను యు.ఏ.ఇ.ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం.

లెక్కను చివరి నుంచి వెనుకకు వేసుకోవాలి. అక్కడి భారతీయ పాఠ్యక్రమపు పాఠశాలలలో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. అంటే పిల్లలు మార్చి నాటికి చేరుకోవాలి. అక్కడి కార్మిక చట్టం ప్రకారం ప్రొబేషన్ గరిష్ఠంగా ఆరు నెలలు. ఆ కాలంలో యజమాని 14 రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలిపి ఉద్యోగం నుంచి తొలగించవచ్చు. కనుక ప్రొబేషన్ ముగిశాకే కుటుంబాన్ని పిలిపించుకోవాలంటే, సెప్టెంబరు ఆరంభానికే ఉద్యోగంలో చేరి ఉండాలి. ఇక్కడి కంపెనీలలో నోటీసు గడువు మూడు నెలల వరకు ఉంటుంది గనుక జూన్ ఆరంభానికి ఆఫర్ చేతికి అందాలి. అన్వేషణకు నాలుగైదు నెలలు పట్టవచ్చు. అంటే జనవరిలోనే దరఖాస్తులు పంపడం మొదలుకావాలి. కుటుంబం విమానమెక్కడానికి పద్నాలుగు నెలల ముందన్నమాట!

ఈ లెక్కలో రమజాన్‌ను మరువరాదు. ఆ మాసంలో పనివేళలు తగ్గుతాయి, ఇంటర్వ్యూలు, నిర్ణయాలు పండుగ తరువాతికి వాయిదా పడుతుంటాయి. రమజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది గనుక, ఏ ఏటి ప్రణాళికను ఆ ఏటి హిజ్రీ క్యాలెండరుతో సరిచూసుకోవాలి. జూలై, ఆగస్టు నెలల ఎండల సెలవులలోనూ ఇదే మందకొడితనం కనిపిస్తుంది.

దరఖాస్తుల కన్నా ముందు చేయవలసినది కాగితాల పని. డిగ్రీ పట్టాకు రాష్ట్ర ప్రభుత్వం, విదేశాంగ శాఖ, యు.ఏ.ఇ. రాయబార కార్యాలయం వరుసగా ధ్రువీకరణ చేయాలి. భార్య వీసాకు వివాహ ధ్రువపత్రం కూడా ఇదే దారిలో నడవాలి. ఖాజీ గారిచ్చిన ఉర్దూ నిఖానామా ఒక్కటే సరిపోదు, వక్ఫ్ బోర్డు నుంచి ఆంగ్ల ధ్రువపత్రం పొందాలి. మన ఇళ్లలో అసలు చిక్కు పేర్లతోనే వస్తుంది. పాస్‌పోర్టులో ‘షేక్’ అని, పదో తరగతి సర్టిఫికెట్‌లో ‘ఎస్.కె.’ అని, బిడ్డ జనన పత్రంలో తండ్రి పేరు మరొక విధంగా ఉంటుంది. వీటిని సరిచేయించడానికి నెలలు పడతాయి. ఆఫర్ వచ్చాక పరుగులు తీస్తే ఆఫర్ చేజారిపోవచ్చు.

డబ్బు విషయమూ అంతే. కుటుంబాన్ని పిలిపించుకోవడానికి చట్టం కోరే కనీస జీతం నెలకు 4,000 దిర్హాములు, లేదా వసతితో కూడిన 3,000 దిర్హాములు. అది వీసాకు సరిపోయే జీతమే గాని, ఫీజులకూ అద్దెకూ సరిపోయేది కాదు. అద్దెను ముందు తేదీలు వేసిన చెక్కులుగా ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ప్రొబేషన్‌లో ఉద్యోగం పోయినా ఆ చెక్కుల బాధ్యత మిగిలే ఉంటుంది. సౌదీకి వెళ్లేవారు మరొక లెక్క వేసుకోవాలి. అక్కడ కుటుంబ సభ్యులపై రుసుము 2017లో తలకు నెలకు 100 రియాళ్లతో మొదలై 2020 నాటికి 400కు చేరింది. ఆ లెక్కన భార్య, ముగ్గురు పిల్లలు ఉంటే ఏడాదికి 19,200 రియాళ్లు!

ఎవరో ఫోనులో ‘ఖాయమైంది’ అన్నంత మాత్రాన ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేయరాదు. సంతకాలైన ఆఫర్, ఆపై ఉద్యోగ ప్రవేశ వీసా చేతికి వచ్చేవరకు ఓపిక పట్టాలి. నోటీసు గడువు విషయం యజమానికి ముందుగానే చెప్పి, చేరే తేదీని కాగితం మీద రాయించుకోవాలి. నియామక ఖర్చులను కార్మికుని నుంచి వసూలు చేయడాన్ని యు.ఏ.ఇ. చట్టం నిషేధించింది. విజిట్ వీసాపై పని చేయడం కూడా చట్టవిరుద్ధమే. ఇక్కడ ఇప్పటికే ఉద్యోగం కోల్పోయినవారు ఇంత కాలం ఆగలేరు. వారు ఒంటరిగా ముందు వెళ్లవచ్చు, కాని ఇంటిని మాత్రం అప్పుడే కదిలించరాదు.

ఆరు నెలల ఎడబాటు చిన్న విషయమని మేము అనడం లేదు. ఆ ఆరు నెలల్లో ఇంటి భారమంతా ఇల్లాలిపైనే పడుతుంది. అందుకే ఈ ప్రణాళిక భర్త ఒక్కడే వేసి వినిపించే తీర్పు కాకూడదు. భార్యతో, తల్లిదండ్రులతో కూర్చొని మష్వరా చేసుకోవాలి. అమ్మీకి ఒంట్లో బాగాలేకపోతే ఎవరు చూసుకుంటారు, బిడ్డ పరీక్షలు ఎప్పుడు, ఆరు నెలల ఇంటి ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి కాగితం మీద రాసుకోవాలి. ఆ తరువాత ఇస్తిఖారా నమాజు చేసి, మంచిని ప్రసాదించమని అల్లాహ్‌ను వేడుకోవాలి. మన వంతు పనిని మనం శ్రద్ధగా చేసి, ఫలితాన్ని ఆయనకు అప్పగించడమే నిజమైన భరోసా.