పెళ్లి చేస్తే కుదిరే జబ్బు కాదిది

కుర్రవాడు చెయ్యి దాటిపోయాడనగానే పల్లెల్లో పెద్దలు చెప్పే మందు ఒకటే. "ఓ ఇంటివాణ్ణి చేయండి, వాడే దారిలో పడతాడు" అంటారు. ఆ మాట పట్టుకుని తల్లిదండ్రులు ఎక్కడినుంచో ఒక పిల్లను తెచ్చి ముడిపెడతారు. కట్నం డబ్బు కరిగిపోయి, పిల్ల ఒంటిమీద దెబ్బలు తేలిన తర్వాత రచ్చబండ దగ్గర పంచాయతీ మొదలవుతుంది. అక్కడ కూడా "కుర్రతనం, సర్దుకుపో తల్లీ" అని చెప్పి పంపేస్తారు. ఈ పద్ధతి మారాలి. దారి తప్పినవాళ్లందరూ ఒకే రకం కాదు. కొందరిలో ఉన్నది పెళ్లితోనో, పిల్లలతోనో తీరే దుడుకుతనం కాదు.

వైద్యులు దీనిని యాంటీ సోషల్ పర్సనాలిటీ డిజార్డర్ అంటారు. తెలుగులో సంఘ వ్యతిరేక వ్యక్తిత్వ లోపం అని చెప్పుకోవచ్చు. నలుగురితో కలవకుండా ఒంటరిగా ఉండే మనిషికి ఈ పేరు వర్తించదు. పోలీసులు చెప్పే సంఘ విద్రోహ శక్తులందరికీ కూడా వర్తించదు. ఎదుటివారికి హక్కులుంటాయని, బాధ ఉంటుందని లక్ష్యపెట్టకుండా ఏళ్ల తరబడి సాగే నడవడికకే ఈ పేరు. ఈ కోవకు చెందినవారిలో కొందరు పైకి నిక్షేపంలాంటి మనుషుల్లా, మంచి మాటకారుల్లా కనిపిస్తారని హెర్వీ క్లెక్లీ అనే అమెరికా డాక్టరు 1941లోనే రాశాడు. అటువంటివారు పెళ్లిచూపుల్లో బయటపడరు.

అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం ఏడు లక్షణాలను చూస్తారు. అరెస్టుకు దారితీసే పనులు మళ్లీ మళ్లీ చేయడం మొదటిది. లాభానికో సరదాకో అబద్ధాలాడడం, మోసగించడం రెండవది. ముందువెనుకలు చూడకుండా తోచింది చేయడం మూడవది. చీటికి మాటికి కొట్లాటకు దిగడం నాల్గవది. తన ప్రాణాన్నీ, పరుల ప్రాణాన్నీ లెక్కచేయకపోవడం ఐదవది. ఏ పనిలోనూ నిలవకపోవడం, తెచ్చిన అప్పు తీర్చకపోవడం ఆరవది. చేసినదానికి చింత లేకపోవడం, పైగా "వాడికి అలా జరగాల్సిందే" అని సమర్థించుకోవడం ఏడవది. వీటిలో కనీసం మూడు 15వ ఏటి నుంచీ కొనసాగుతూ ఉండాలి. మనిషికి 18 ఏళ్లు నిండి ఉండాలి. 15 ఏళ్లలోపే ఆనవాళ్లు కనబడి ఉండాలి.

ఈ చివరి షరతు చాలా ముఖ్యం. నలభై ఏళ్లదాకా బుద్ధిమంతుడుగా బతికి ఒక్కసారిగా మారిపోయిన మనిషిలో వెతకవలసింది వేరే కారణం. తలకు దెబ్బ తగిలి ఉండవచ్చు, మెదడులో వ్యాధి ఉండవచ్చు, ఉన్మాదం ఉండవచ్చు. తాగినప్పుడు మాత్రమే చెయ్యి చేసుకుని, తెల్లవారి ఏడ్చేవాడి సంగతి వేరు. కడుపు మాడి ఒకసారి దొంగతనం చేసినవాడు వేరు. ముఠాకక్షల ఊళ్లో పుట్టి ప్రాణభయంతో కర్ర పట్టినవాడు వేరు. వీరిలో ఎవరు తప్పు చేసినా తప్పే. కాని, ఆ ఒక్క తప్పునుబట్టి జబ్బు పేరు అంటగట్టరాదు.

మరి ఎలా పోల్చుకోవాలి? మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలావరకు తెలుస్తుంది. ఈ నడవడిక ఎన్నేళ్లుగా ఉంది? ఇంట్లోనేనా, బడిలో, పనిలో, బజారులో అంతటా ఇంతేనా? ఎదుటివారికి కలిగిన నష్టానికి ఎన్నడైనా నొచ్చుకున్నాడా, లేక దొరికిపోయినందుకే బాధపడ్డాడా? ఈ ప్రశ్నలు అనుమానాన్ని నిలబెట్టడానికో, తీసివేయడానికో మాత్రమే. నిర్ణయం చెప్పవలసింది మానసిక వైద్యుడు. ఆయన కూడా ఒక్క పూట మాటలతో తేల్చరు. రోగి చెప్పినదంతా నిజం కాకపోవచ్చు కనుక తల్లిదండ్రులను, భార్యను అడిగి తెలుసుకుంటారు. ఇక్కడే కుటుంబం పరువు కోసం దాచిన సంగతులు అడ్డువస్తాయి. డాక్టరు దగ్గర దాపరికం పనికిరాదు.

ఈ పేరును ఆయుధంగా వాడుకునే ప్రమాదం కూడా ఉంది. పెద్దలను ఎదిరించినవాణ్ణి, కులం కట్టుబాటు దాటి పెళ్లాడినవాణ్ణి, కూలిరేట్ల కోసం నిలదీసినవాణ్ణి "సంఘ వ్యతిరేకి" అనడం తేలిక. ఊరి ఆచారాలకు, నమ్మకాలకు ఒదగలేదన్న కారణంతో ఎవరికీ మానసిక వ్యాధి ఉన్నట్లు నిర్ణయించరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం స్పష్టంగా చెబుతోంది.

చిన్నపిల్లల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మూగజీవాలను హింసించడం, నిప్పుపెట్టడం, తోటిపిల్లలను కొట్టి లాక్కోవడం, ఇల్లు విడిచి పారిపోవడం పదేపదే జరుగుతుంటే అశ్రద్ధ చేయరాదు. అయితే వాడి జీవితం అంతేనని తీర్మానించడం కూడా తప్పే. అమెరికాలోని సెయింట్ లూయీ నగరంలో చిన్నతనంలో వైద్యానికి వచ్చిన 524 మందిని లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు సుమారు 30 ఏళ్ల తర్వాత పరిశీలించి 1966లో గ్రంథం ప్రచురించారు. అల్లరి దారి పట్టిన పిల్లల్లో ఎక్కువమంది పెద్దయ్యాక ఈ లోపం పాలు కాలేదని అందులో తేలింది. ఈ లోపానికి పుట్టుకతో వచ్చే గుణం కొంత కారణమైతే, చిన్ననాటి దెబ్బలు, నిరాదరణ మరికొంత కారణం. పిల్లవాణ్ణి స్తంభానికి కట్టి కొట్టడం చికిత్స కాదు, నిప్పులో నెయ్యి పోయడమే.

పెద్దవారిలో ఈ లోపాన్ని పూర్తిగా మాన్పే మాత్ర లేదు. తాయెత్తుకూ, భూతవైద్యానికీ అంతకన్నా లొంగదు. తాగుడు మాన్పించడం, కోపాన్ని అదుపుచేసుకోవడం నేర్పడం, నడవడిక మార్చే కౌన్సెలింగు కొంత మేలు చేస్తాయి. వయసు నలభై దాటేసరికి కొందరిలో తీవ్రత తగ్గుతుంది. ఆ తగ్గేదాకా ఒక ఆడపిల్లను ఎదురుగా నిలబెట్టి దెబ్బలు తినమనడం ఏ న్యాయం?

జబ్బు పేరు నేరానికి మాఫీ కూడా కాదు. మతిస్థిమితం లేక తాను చేస్తున్నదేమిటో, అది తప్పో ఒప్పో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను మినహాయింపు ఇస్తుంది. ఈ లోపం ఉన్న మనిషికి సాధారణంగా తాను చేసేదేమిటో తెలుసు. కనుక భార్యను కొడితే అది కేసే. 2005 నాటి గృహహింస చట్టం కింద ఆమె రక్షణ కోరవచ్చు. మహిళలకు 181, తక్షణ ఆపదలో 112 నంబర్లున్నాయి. సలహా కోసం 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబరుకు రాత్రింబగళ్లు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. విశాఖపట్నంలోనూ, హైదరాబాదు ఎర్రగడ్డలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

పెళ్లి సంబంధం కుదిర్చేముందు పొలం ఎంత, కట్నం ఎంత అని ఆరా తీసే పెద్దలు, పిల్లవాడు తల్లితో ఎలా మాట్లాడతాడో, పశువును ఎలా చూస్తాడో, అప్పిచ్చినవాడికి ఏం జవాబు చెబుతాడో కూడా ఆరా తీయాలి. తెలిసిన సంగతి ఆడపిల్లవారికి ముందే చెప్పడం చాడీ కాదు, ధర్మం. కొడుకుకు జబ్బు ఉంటే తల్లిదండ్రులు చూపించవలసింది ఆసుపత్రి గుమ్మం. పొరుగింటి పిల్ల మెడను కాదు.