రసీదు మీద రాతే శాసనమా?

మా ఆడపడుచు వాళ్ళది కైకలూరు దగ్గర, కొల్లేటి పక్క పల్లె. ఆషాఢం వెళ్ళగానే కూతుర్ని కాపురానికి పంపాలని తాడేపల్లిగూడెంలో 'క్లియరెన్స్ సేల్' అని బ్యానర్ కట్టిన ఓ కొట్లో టేకు మంచం కొంది. రెండు నెలలు తిరక్కుండానే మంచం కింద రోజూ పిండిలా పొడి రాలడం మొదలైంది. వడ్రంగి చూసి, "ఇది చేవ దేరిన టేకు కాదమ్మా, తెల్లచెక్కకి రంగేశారు. పుచ్చు లోపలుంది" అన్నాడు.

కొట్టువాడు రసీదు మీది ఎర్రక్షరాలు చూపించాడు: 'అమ్మిన సరుకు వాపసు తీసుకొనబడదు.' పైగా, "సేల్ సరుకు, చూసుకునే కొన్నారు కదా! అదంతా మీ కొల్లేటి తేమ" అన్నాడట. అక్కడ అత్తగారింట్లో "పుట్టింటివాళ్ళు పుచ్చు మంచం పెట్టారు" అన్న మాట పిల్ల పడుతోంది. తప్పు అమ్మినవాడిది, తలవంపు కొన్నవాళ్ళదీనా?

ఆ ఎర్రక్షరాలు కొట్టువాడు అచ్చు వేయించుకున్న మాటలే గానీ చట్టం కాదు. 2020 జూలై నుంచి అమలులో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, లోపమున్న సరుకు వాపసు తీసుకుని, రసీదులో చెప్పిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా డబ్బు తిరిగివ్వడానికి నిరాకరించడమే అనుచిత వ్యాపార పద్ధతి. రసీదు ఇవ్వకపోవడమూ అంతే. తగ్గింపు ధర ఇచ్చినంత మాత్రాన లోపం దాచే హక్కు రాదు.

అయితే మనవైపూ న్యాయం ఉండాలి. రంగు నచ్చలేదనో, గదిలో పట్టలేదనో వాపసు అడిగితే ఈ చట్టం ఆదుకోదు. "ఇక్కడ బీట ఉంది, అందుకే తగ్గించాం" అని ముందే చెప్పి అమ్మితే ఆ బీట గురించి తర్వాత దెబ్బలాడలేం. పైకి కనిపించని లోపం సంగతి వేరు.

మా ఆడపడుచుకి ఇంకో భయం పట్టుకుంది. 2022లో జిల్లాలు విడిపోయి కైకలూరు ఏలూరు జిల్లాలోకి వచ్చింది, గూడెం పశ్చిమ గోదావరిలోనే ఉంది. మరి కేసు ఎక్కడ వేయాలి? కొత్త చట్టంలో, కొన్నవాళ్ళు నివసించే చోటి జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు. లాయరు లేకుండా మనమే చెప్పుకోవచ్చు. అయిదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. ముందు 1915కి ఫోన్ చేసినా సలహా చెబుతారు.

మేం ముందు రిజిస్టర్డ్ ఉత్తరం రాశాం. రసీదు నకలు, పొడి రాలిన ఫోటోలు, వడ్రంగి రాసిచ్చిన కాగితం, ఫోన్‌లో డబ్బు పంపిన వివరం జతచేశాం. పదిహేను రోజుల గడువిచ్చి, ఆపైన కమిషన్‌కి వెళ్తామన్నాం. పన్నెండో రోజున కొట్టువాడే ఫోన్ చేసి, మంచం తీసుకెళ్ళి డబ్బిచ్చాడు.

డబ్బు వచ్చింది సరే, పిల్ల పడ్డ మాటని ఎవరు వాపసు తీసుకుంటారు? అందుకే అక్కచెల్లెళ్ళకి చెప్పేదొకటే. సారె సామాను కొనేటప్పుడు కర్ర పేరు రసీదులో రాయించుకోండి. 'ఎస్టిమేట్' చీటీతో సరిపెడితే ఒప్పుకోకండి. కోడలి మంచం పుచ్చితే కోడల్ని కాదు, కొట్టువాణ్ణి అడగండి.