కిటికీ రంగూ, కరివేపాకు పురుగూ

తెనాలి నుంచి ఒక సోదరి ఇలా వ్రాశారు:

"డాక్టరుగారూ! మాది మా మామగారు 1983లో కట్టించిన ఇల్లు. సంక్రాంతి లోపు రంగులు వేయించాలని అనుకుంటున్నాం. వంటింటి గోడలకు ఆకుపచ్చ వేయిస్తే కళ్ళకు చలవ అని మా ఆడపడుచు అంటుంది. నిజమేనా? వంటగట్టుకు నల్ల గ్రానైటు వేయిద్దామని మావారు, తెల్లదైతే శుభ్రంగా ఉంటుందని నేను. మా అత్తగారికి ఒక కంటికి శుక్లం ఆపరేషను అయింది, రెండో కంటికి కావాలి. అయినా వంటింట్లో ఆవిడ చెయ్యి లేనిదే పని జరగదు. మరొక సంగతి. మా పాపకు ఆరో ఏడు. పెరటి కిటికీ కింద ఉన్న కరివేపాకు చెట్టు మీది పురుగుల్ని తెచ్చి సీసాలో పెట్టి సీతాకోకచిలుకల్ని చేస్తుంది. ఆ పురుగులు పాకితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి, పారెయ్యమని అత్తగారు. పారేస్తే అన్నం తిననని పాప. నాకిప్పుడు నాలుగో నెల. అన్నట్టు పాపకు మట్టీ, బలపాలూ తినే అలవాటుంది. కిటికీ మీద రంగు పెచ్చులు కూడా గిల్లి నోట్లో వేసుకుంటుంది. నులిపురుగుల మందు వెయ్యమంటారా?"

జవాబు: అమ్మా! రంగుల గురించి, పురుగుల గురించి అంత వివరంగా వ్రాసి, అసలు సంగతి చివర "అన్నట్టు" అని పెట్టారు. నేను అక్కడినుంచే మొదలుపెడతాను. ఈ జవాబు పూర్తిగా చదివేదాకా పెయింటరు చేత కిటికీలు గీకించకండి.

1983 నాటి తలుపులకు, కిటికీలకు, గ్రిల్సుకు వేసిన ఎనామిల్ రంగుల్లో సీసం ఉండే అవకాశం బాగా ఉంది. పసుపు, నారింజ, ఎరుపు రంగులకు ఆ కాంతి చాలావరకు సీసపు క్రోమేటు వల్లనే వచ్చేది. ఆకుపచ్చను కూడా ఆ పసుపులో నీలం కలిపి చేసేవారు. ఇనప ఊచలకు అడుగుపూతగా వేసే సిందూరం సాక్షాత్తూ సీసమే. మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు మించరాదని 2016లో నిబంధన చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన పూతలు ఎన్ని పొరలున్నాయో అన్నీ మీ కిటికీ మీద అలాగే ఉన్నాయి. కంటితో చూసి సీసం ఉందీ లేదూ అని ఎవరూ చెప్పలేరు గనుక, ఉన్నట్టే లెక్కపెట్టి నడుచుకోవాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో లాక్‌హార్ట్ గిబ్సన్ అనే కంటి డాక్టరు, పిల్లలకు వస్తున్న సీసపు విషానికి వరండా కటకటాల మీది రంగే కారణమని 1904లోనే వ్రాశాడు. పిల్లలు ఆ కటకటాలు పట్టుకుని ఆడుకుని, అవే చేతులు నోట్లో పెట్టుకునేవారు. మీ పాప చేస్తున్నదీ అదే.

పెద్దవాళ్ళ కడుపులో పడ్డ సీసంలో కొంత భాగమే ఒంటికి పడుతుంది. పిల్లలకు అంతకు నాలుగైదు రెట్లు పడుతుంది. రక్తం తక్కువగా ఉండి, ఒంట్లో ఇనుము, కాల్షియం చాలకపోతే ఇంకా ఎక్కువ. మట్టి తినే పిల్లల్లో చాలామందికి ఇనుము తక్కువ ఉండనే ఉంటుంది. అంటే ఏ లోపం వల్ల పాప పెచ్చులు తింటున్నదో, ఆ లోపమే ఆ పెచ్చుల్లోని విషాన్ని ఎక్కువగా లోపలికి తీసుకుంటుందన్నమాట. సీసం మొదట పట్టేది మెదడును. చదువు మీద ధ్యాస నిలవకపోవడం, చిరాకు, మందకొడితనం వస్తాయి. మోతాదు పెరిగితే కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత. ఫలానా మోతాదు దాకా ఫరవాలేదు అని చెప్పడానికి లేదు.

నా ప్రాక్టీసు మొదటి రోజుల్లో ఒక పిల్లవాడికి కడుపునొప్పి, పాలిపోయిన ముఖం చూసి మూడుసార్లు నులిపురుగుల మందు వేశాను. మూడోసారి వాళ్ళ నాయనమ్మ, "వీడు ఊయల బల్ల రంగంతా నాకేశాడు బాబూ" అంటే గాని నాకు తట్టలేదు. కనుక మీ ప్రశ్నకు జవాబు ఇది: నులిపురుగుల మందు వెయ్యవచ్చు, కాని దానితో సరిపెట్టకండి. పిల్లల డాక్టరుకు చూపించి, రక్తంలో హిమోగ్లోబిన్‌తో పాటు సీసం ఎంత ఉందో పరీక్ష చేయించండి. వేలికొన నుంచి కాక, నరం నుంచి రక్తం తీయించండి. చేతికంటిన దుమ్ము కలిస్తే లెక్క తప్పవచ్చు. మీ ఊళ్ళో ఆ పరీక్ష లేకపోతే నమూనాను పెద్ద పట్నం లాబొరేటరీకి పంపుతారు. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు, అంతకు పైన ఉంటే ఆ సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతికి ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఇంట్లో వెతకవలసిన చోటు మనకు తెలిసే ఉంది.

ఇక గీకడం. పొడి ఉప్పుకాగితంతో పాత రంగు రుద్దితే లేచే మెత్తని దుమ్ము పెచ్చులకన్నా ప్రమాదం. పెచ్చు తింటే పాప ఒక్కతే తింటుంది. దుమ్మును ఇంటిల్లిపాదీ పీలుస్తారు, కంచాల మీద పడితే తింటారు. గర్భిణి ఒంట్లో చేరిన సీసం మాయను దాటి బిడ్డను చేరుతుంది. అందుచేత ఆ పని జరిగినన్నాళ్ళూ మీరూ పాపా పుట్టింట్లో ఉండండి. పని అయి, ఇల్లు తడిబట్టతో తుడిచాకనే రండి. ఇంటిని చూసుకోవాలని మధ్యలో ఒక పూట వచ్చిపోవడం కూడా వద్దు.

గట్టిగా పట్టుకుని ఉన్న పాత పూతను గీకవలసిన పనే లేదు, దాని మీదనే కొత్త రంగు వేయించండి. లేచిపోయిన చోట నీళ్ళు చల్లి, తడిపి, వాటర్ పేపరుతో రుద్దించండి. లప్పం పెట్టేది ఆ తరువాత. బ్లోలాంపుతో కాల్చడం పనికిరాదు, సీసం ఆవిరై లేస్తుంది. కింద ప్లాస్టిక్ పట్టా పరచి, రాలినదంతా అందులోనే చుట్టేయాలి. పొడి చీపురు ముట్టుకోకూడదు. పెయింటరు కూడా ముక్కుకు గుడ్డ కాదు, మంచి మాస్కు కట్టుకోవాలి. ఆ బట్టలతో ఇంటికి వెళ్ళి తన పిల్లల్ని ఎత్తుకోకూడదని అతనికి చెప్పండి. కిటికీలు మార్పిస్తున్నట్లయితే ఆ పాత చెక్కల్ని నీళ్ళ పొయ్యిలో పెట్టకండి. మన ఇళ్ళల్లో ఇది మామూలే. ఆ పొగా, ఆ బూడిదా రెండూ విషమే.

ఇక్కడే మీ పాప సీతాకోకచిలుకల సంగతి వస్తుంది. సీసం మట్టిలో పడితే కుళ్ళిపోయేది కాదు, ఏళ్ళ తరబడి అక్కడే ఉంటుంది. వెనకటి రంగుల పనుల్లో గీకినదంతా కిటికీ కింద కరివేపాకు పాదులోనే పడి ఉంటుంది. పాప రోజూ కూర్చునేదీ ఆ పాదు దగ్గరే. సీసా కిటికీ గట్టు మీద పెడుతుంటే అది మరీ తప్పు. కిటికీ రెక్క తీసి వేసినప్పుడల్లా ఒరుసుకుని దుమ్ము రాలేది ఆ గట్టు మీదనే. పాదు చుట్టూ పైమట్టి బెత్తెడు లోతున తీయించి, బయటి నుంచి మంచి మట్టి తెప్పించి పోయండి. ఆకు కడిగి వాడండి. సీసాకు గోడకు దూరంగా, రంగు వాసన తగలని చోట ఒక బల్ల చూపించండి.

పురుగుల మాట. కరివేపాకు, నిమ్మ చెట్ల మీది ఆ పురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది, పెరిగాక ఆకుపచ్చ. ముట్టుకుంటే తల వెనకనుంచి నారింజరంగు కొమ్ముల జంట బయటికి పెట్టి ఘాటు వాసన కొడుతుంది. చీమలనూ సాలీళ్ళనూ బెదిరించడానికే ఆ వేషం, మనకు ఏ హానీ లేదు. మీ అత్తగారు చెప్పే దద్దుర్లూ అబద్ధం కాదు. అవి మునగచెట్టుకు గుంపులుగా పట్టే కంబళిపురుగు వల్ల వస్తాయి. దాని నూగు చర్మంలో గుచ్చుకుంటుంది. అది సీతాకోకచిలుక కాదు, చిమ్మట అవుతుంది. నూగున్న పురుగును ముట్టుకోకూడదని పాపకు ఒక్క నియమం చెప్పండి. ఒకవేళ నూగు అంటితే రుద్దకుండా అంటుకునే టేపు అద్ది తీసి, సబ్బుతో కడగండి.

ఈ సరదా ముదిరితే పాప జిల్లేడు దాకా వెళుతుంది. నలుపు, తెలుపు, పసుపు చారల పురుగు అక్కడ దొరుకుతుంది. జిల్లేడు పాలు కంట్లో పడితే ఒక్కోసారి నొప్పి పెద్దగా ఉండదు, చూపు మాత్రం మసకబారుతుంది. నొప్పి లేదు గదా అని ఊరుకోకండి. పావుగంట సేపు ధారగా నీళ్ళతో కడిగి ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. గన్నేరు మీది పురుగులైతే అసలే వద్దు. ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ గుండెకు విషం, మీ పాప ఏదైనా నోట్లో పెట్టుకునే పిల్ల. పురుగులు పోవాలని కరివేపాకుకు మందు కొట్టించకండి, ఆ ఆకు పోపులో వేసుకునేది మనమే.

రంగుల ప్రశ్న ఆఖరుకు మిగిలింది. ఆకుపచ్చ గోడ చూస్తే కళ్ళకు చలవ చేయడం ఏమీ లేదు. లేత రంగు ఏదైనా వెలుతురును తిప్పి కొడుతుంది. వంటింటికి కావలసింది అదే, పైకప్పు తెల్లగా ఉంటే మరీ మంచిది. వంటగట్టు విషయంలో నలుపు తెలుపుల్లో ఏదీ మీ అత్తగారికి అనుకూలం కాదు. చీమకుర్తి నల్లరాయి అందంగానే ఉంటుంది. కాని శుక్లం ఉన్న కంటికి నల్లగట్టు మీద నల్లపిడి కత్తి కనబడదు, ఒలికిన నూనే కనబడదు. నున్నటి తెల్ల రాయి మీద లైటు పడితే కళ్ళు జిగేల్మంటాయి, పసుపు మరకా వదలదు. లేత బూడిదరంగు, మెరుపు తక్కువ రాయి చూడండి. వంటింటి గడప అంచుకు మాత్రం నేలకు భిన్నమైన రంగు గీత ఒకటి వేయించండి. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే ఎంత కష్టమో మీకు చెప్పనక్కర్లేదు. కొత్త రంగు కొనేటప్పుడు డబ్బా మీద సీసం 90 పాళ్ళకు మించలేదని వ్రాసి ఉందో లేదో చదివి కొనండి.

మీ డాక్టరమ్మకు కూడా ఈ సంగతి చెప్పండి, మీకూ ఆ రక్తపరీక్ష అవసరమేమో ఆవిడ చూస్తారు. కాల్షియం, ఐరన్ మాత్రలు మానకండి. పాప పరీక్షలో ఐదు దాటినా దాటకపోయినా ఆ అంకె నాకు వ్రాయండి.