వేలెడంత చేపకు వాగు మీద హక్కు లేదా?

అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో 1957లో ఒక వాగుకు విషం పెట్టారు. పెట్టింది దొంగలు కాదు, ఫ్యాక్టరీ వాళ్లు కాదు. సర్కారే దగ్గరుండి పోయించింది. గ్రేట్ స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో పారే ఏబ్రమ్స్ వాగు అది. కొన్ని మొక్కల వేర్ల నుంచి తీసే రోటెనోన్ అనే మందును నీళ్లలో కలిపితే చేపకు ఊపిరాడదు. మైళ్ల పొడవునా చేపలు చచ్చి తేలాయి.

ఎందుకు చేశారీ పని? ఆ ఏడాదే దిగువన చిల్‌హోవీ డ్యాం పూర్తయింది. దాని పైనున్న వాగులో రెయిన్‌బో ట్రౌట్ చేపను పెంచాలని అధికారులు తలచారు. గాలాలు పట్టుకొని వచ్చే టూరిస్టుల సరదా కోసం. ట్రౌట్ ఆ వాగు చేప కాదు. దాని సొంత జాగా ఎక్కడో పసిఫిక్ వైపు నదులు. వచ్చే చేపకు తిండి, జాగా కావాలంటే ఉన్న చేపలు పోవాలి. ఇదీ వాళ్ల లెక్క. గాలానికి పనికిరాని చేపలను అక్కడ 'రఫ్ ఫిష్' అంటారు, అంటే చెత్త చేపలని. 1959లో వచ్చిన ప్రభుత్వ నివేదికలో ఈ పనికి పెట్టిన పేరు 'రిక్లమేషన్', అంటే వాగును బాగుచేయడం! చంపడానికి బాగుచేయడమని పేరు పెట్టడం ఏ దేశంలోనైనా పాలకులకు వచ్చిన విద్యే.

ఆ చచ్చిన చేపల్లో శాస్త్రానికి అప్పటిదాకా తెలియని చేప ఒకటి దొరికింది. దాని పేరు స్మోకీ మ్యాడ్‌టామ్. మన జెల్లలకు దూరపు చుట్టం. మూతికి మీసాలు, పొలుసుల్లేని ఒళ్లు, రెక్కల దగ్గర విషపు ముల్లు. జెల్ల ముల్లు గుచ్చుకున్న వాళ్లకు ఆ సలపరం ఎట్లుంటదో మేం చెప్పనక్కర లేదు. ఎంత పెరిగినా ఏడు సెంటీమీటర్లే. పగలు బండల కింద దాక్కొని రాత్రి తిరుగుతుంది. బండ కింద పెట్టిన గుడ్లకు మగ చేప కాపలా కాస్తుంది.

విలియం రాల్ఫ్ టేలర్ అనే శాస్త్రవేత్త 1969లో దానికి శాస్త్రీయ నామం ఇచ్చారు. చచ్చిన పన్నెండేళ్లకు పేరు దక్కిందన్నమాట. అప్పటికే ఆ జాతి అంతరించిందని అనుకున్నారు. జనన ధ్రువపత్రం, మరణ ధ్రువపత్రం ఒకే కాగితం మీద రాసినట్టయింది.

మేం అడిగేది ఒక్కటే. విషం పోసే ముందు ఆ వాగులో ఎవరెవరున్నారో పూర్తిగా లెక్క తీశారా? తీసి ఉంటే పేరు కూడా లేని జీవి చచ్చాక బయటపడేదా? లెక్కలో లేనివాడు లేనట్టేనా?

1980లో అదే కొండల దిగువన, సిటికో వాగులో ఈ చేప ప్రాణాలతో కనిపించింది. టెన్నెసీ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డేవిడ్ ఎట్నియర్ బృందం ఆ వాగులో చేసిన పని వల్ల ఇది లోకానికి తెలిసింది. సిటికో వాగు కూడా క్షేమంగా ఏమీ లేదు. అంతకు ఏడాది ముందే, 1979 నవంబరులో, లిటిల్ టెన్నెసీ నదిపై టెలికో డ్యాం గేట్లు మూశారు. సిటికో వాగు నదిలో కలిసే చోటు మునిగింది. వందల రైతు కుటుంబాల భూములు, చెరోకీ ఆదివాసుల పురాతన ఊళ్లు పోయాయి. టెన్నెసీకి ఆ పేరు తెచ్చిన తనాసీ గ్రామం కూడా ఆ నీళ్ల కిందనే ఉంది.

'చిన్న చేప కోసం ప్రాజెక్టు ఆపుతారా' అని ఆనాడు ఎగతాళి చేశారు. స్నెయిల్ డార్టర్ అనే మరో చిన్న చేప తరఫున 1978లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత 1979లో ఉన్నత స్థాయి కమిటీ ఏకగ్రీవంగా చెప్పిందేమిటి? డ్యాం దాదాపు పూర్తయినా, మిగిలిన పనికి పెట్టే ఖర్చుకు తగ్గ లాభం కూడా రాదని. అయినా పార్లమెంటులో ఒక బడ్జెట్ బిల్లుకు తోక తగిలించి మినహాయింపు తెచ్చుకున్నారు. అడ్డం పడింది చేప కాదు, లెక్క. ఎగతాళి చేసింది మాత్రం చేపను.

స్మోకీ మ్యాడ్‌టామ్ 1984లో ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకెక్కింది. 1986 నుంచి సిటికో వాగులో బండల కింది గుడ్లను కొన్ని తెచ్చి, తొట్లలో పిల్లల్ని పెంచి, ఏబ్రమ్స్ వాగులో వదలడం మొదలైంది. నాక్స్‌విల్‌లోని కన్జర్వేషన్ ఫిషరీస్ సంస్థ ఈ పనిని ఏళ్ల తరబడి చేసింది. ఇప్పుడు ఆ చేప తన పాత వాగులో మళ్లీ పిల్లలు పెడుతోంది. ఒక్కసారి పోసిన విషానికి దశాబ్దాల మరమ్మతు! అదీ పక్క వాగు ఒకటి మిగిలింది కాబట్టి. సిటికో కూడా 'బాగుపడి' ఉంటే గుడ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు?

'తిండికి రాదు, అమ్మకానికి రాదు, ఎందుకీ చేప' అనేవాళ్లకు జవాబుంది. మ్యాడ్‌టామ్ బతకాలంటే బండల సందులు శుభ్రంగా ఉండాలి. పైన అడవి నరికి, గట్లు తవ్వి, మట్టి కొట్టుకొస్తే ఆ సందులు పూడుతాయి, గుడ్లకు జాగా ఉండదు. ఆ చేప ఉందంటే వాగు బాగుందని సాక్ష్యం. సాక్షిని చంపి కేసు గెలవొచ్చు, వాగును మాత్రం గెలవలేం.

ఫైలు మీద సంతకం పెట్టే ఉద్యోగ మిత్రులారా, 'ఇక్కడ ఏమీ లేదు' అని రాసే ముందు ఒకసారి వాగులో దిగి చూడండి. విద్యార్థులారా, మీ ఊరి ఒర్రెలో ఏయే చేపలున్నాయో ముసలి బెస్తవాళ్లను అడిగి పేర్లు రాసి పెట్టండి. కాగితం మీద పేరున్నదాన్ని లేదనడం అంత సులువు కాదు. వాగు ముందు అందులో బతికే వాళ్లది, ఆ తర్వాతే చూడవచ్చిన వాళ్లది.