ఆస్పత్రి గేటు నుంచి మూసీ దాకా ఒకే టెండరు

గోషామహల్ పోలీసు మైదానంలో ఉస్మానియా ఆస్పత్రి కొత్త భవనానికి 2025 జనవరి 31న శంకుస్థాపన జరిగింది. 26 ఎకరాలు, 2,000 పడకలు. నిరుపేద రోగులకు చివరి దిక్కుగా నిలిచిన ఆస్పత్రికి ఇది ఎన్నడో దక్కాల్సిన న్యాయం. అందులో రెండో మాట లేదు. కానీ ఆ ప్రాంగణంలో పడిన వాన ఎటు పోవాలి, ఆ పని ఎవరి చేతిలో పెట్టాలి, ఏ షరతులతో పెట్టాలి అన్న ప్రశ్న అంతస్తులు లేస్తున్నకొద్దీ మరుగున పడిపోయే ప్రమాదం ఉంది. ఆస్పత్రి ఆవరణ నుంచి మూసీ దాకా వరద కాలువ మొత్తాన్ని ఒకే పనిగా, ఒకే బహిరంగ టెండరుగా పిలవాలి. దాన్ని ముక్కలు చేసి పంచడానికి వీల్లేదు. టెండరే లేకుండా నామినేషన్ మీద కట్టబెట్టడానికి అసలే వీల్లేదు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉస్మానియా పాత భవనంలోనే ఉంది. 2020 జులైలో కురిసిన వానకు అక్కడి వార్డుల్లోకి నీళ్లొచ్చాయి. అది ఒట్టి వాన నీరు కాదు, పొంగిన డ్రైనేజీ కలిసిన మురుగు. మంచాల కింద ఆ నీళ్లు నిలిచి ఉంటే రోగులు కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నారు. సహాయకులు మందుల సంచులు చేత్తో ఎత్తిపట్టుకుని అందులోనే నడిచారు. కరోనా ఉద్ధృతంగా ఉన్న రోజులవి. ఆ నెల తిరక్కుండానే పాత భవనాన్ని ఖాళీ చేయించాల్సి వచ్చింది. మూసీ ఒడ్డున శతాబ్దం కిందట కట్టిన ఆ భవనం పాతబడింది, నిజమే. కానీ ఆ రోజు రోగులను మంచాల మీంచి లేపింది పెచ్చులూడిన పైకప్పు కాదు, బయటికి దారి దొరకని నీరు.

దారి దొరకని నీరు ఎంత పని చేస్తుందో ఈ నగరానికి కొత్తగా చెప్పక్కర్లేదు. 1908 మూసీ వరద అఫ్జల్‌గంజ్ ఆస్పత్రిని తుడిచిపెట్టింది. దాని స్థానంలో వచ్చిందే ఉస్మానియా. ఆ విలయం తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. జలాశయాలు కడితే సరిపోదని, నగరానికి డ్రైనేజీ పథకం కూడా కావాలని ఆయన ఆనాడే చెప్పారు. నీటిని పైన ఆపే పని, కింద సాగనంపే పని రెండూ ఒకే బుర్రలో నడిచిన కాలమది. ఇప్పుడు అదే నీటి బాధ్యతను నాలుగు శాఖలు పంచుకున్నాయి. ప్రాంగణం లోపలి పనులు రోడ్లు, భవనాల శాఖ చూస్తుంది. గేటు దాటితే నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ). మురుగు పైపు జలమండలిది. నాలా మీద ఆక్రమణ ఉంటే హైడ్రాను పిలవాలి. కాలువ కాంట్రాక్టునూ ఇదే గీతల వెంబడి కోస్తే, వార్డులోకి నీళ్లొచ్చిన రోజున నలుగురు నాలుగు ఫైళ్లు చూపించి మా వంతు పూర్తయిందనే అంటారు. నలుగురి మాటా కాగితం మీద నిజమే అవుతుంది.

గోషామహల్ విషయంలో ఈ భయం ఊహించుకున్నది కాదు. అదే ప్రాంతంలోని చాక్నావాడిలో 2022 డిసెంబరులో పాత నాలా మీద వేసిన రోడ్డు పట్టపగలు కుంగిపోయింది. వాహనాలు, కూరగాయల బండ్లు, మనుషులు ఆ గుంతలో పడ్డారు. పైన రోడ్డు, దుకాణాలు, రద్దీ. కింద ఏళ్ల తరబడి ఎవరూ దిగి చూడని రాతి కట్టడం. కొత్త ఆస్పత్రి నుంచి వచ్చే నీరు ఇలాంటి పాత నాలాల గుండానే మూసీకి చేరాలి. లోపల ఎంత మంచి కాలువ కట్టినా బయట నాలా కుంగిపోతే ఆ కాలువ ఎందుకూ పనికిరాదు.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పుకోవాలి. 26 ఎకరాల స్థలంలో గంటకు 6 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. హైదరాబాద్ వానాకాలంలో ఇది అసాధారణమేమీ కాదు. 2000 ఆగస్టులో ఒక్క రోజులోనే 24 సెంటీమీటర్లు కురిసిన నగరమిది. పట్టణ వరదలపై జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు, కాలువల డిజైన్‌లో పడిన వానలో 95 శాతం దాకా పారుతుందనే లెక్కతో వెళ్లమన్నాయి. ఆ ప్రకారం ఒక్క గంటలో దాదాపు 60 లక్షల లీటర్ల నీరు బయటికి రావాలి. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 1,200. మట్టి మైదానంగా ఉన్నప్పుడు ఇందులో పెద్ద భాగం నేలలోకే ఇంకిపోయేది. కాంక్రీటు, టైల్స్, పార్కింగు పరిచాక ఇంకే చోటు మిగలదు. అందుకని ఆస్పత్రి కట్టడమంటే దిగువనున్న బస్తీల మీదికి కొత్తగా ఒక ప్రవాహాన్ని వదలడం కూడా. దానికి లెక్క చెప్పాల్సింది ప్రభుత్వమే. ఇంకుడు గుంతలు, నీటిని కాసేపు నిలిపి మెల్లగా వదిలే భూగర్భ తొట్టెలు టెండరు పత్రంలోనే పనిలో భాగంగా ఉండాలి. తర్వాత చూద్దామన్నవి ఎన్నటికీ రావు.

లెవెల్స్ సంగతి ఇంకా కీలకం. కాలువ అడుగు మట్టం, అది కలిసే నాలాలో వరద వేళ ఉండే నీటి మట్టం కంటే కిందికుంటే కాలువ తిరగబడుతుంది. నాలా నీరే ఆస్పత్రి వైపు వెనక్కి ఎగదన్నుతుంది. సెల్లార్‌లో జనరేటర్లు, ఆక్సిజన్ లైన్లు, మందుల గోదాములు పెట్టుకునే ఆస్పత్రికి ఇంతకు మించిన ముప్పు ఏముంటుంది? లోపలి లెవెల్ ఒక ఏజెన్సీ, బయటి లెవెల్ మరో ఏజెన్సీ కొలిస్తే ఈ పొరపాటు దొర్లడానికి ఎంతో సేపు పట్టదు. అందుకే పని కింది నుంచి పైకి సాగాలి. ముందు మూసీ వైపు నోరు తెరవాలి, తర్వాత నాలా బలపడాలి, ఆ తర్వాతే ప్రాంగణంలో పైపు పడాలి. మన దగ్గర తరచూ జరిగేది దీనికి రివర్సు. ఎక్కడ స్థలం ఖాళీగా ఉంటే అక్కడ బాక్స్ డ్రైన్ కట్టేసి, ఆక్రమణలున్న చోట ఆపేస్తారు. 2020 అక్టోబరు వరదల తర్వాత మొదలుపెట్టిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి పథకంలో అనేక పనులు భూసేకరణ దగ్గర, ఆక్రమణల దగ్గర ఆగిపోయి ఏళ్లు సాగాయి. మధ్యలో ఆగిన కాలువ నీళ్లను తెచ్చి కొత్త చోట పోస్తుంది.

ఇక టెండరు ఎవరికి? అందరికంటే తక్కువకు వేసినవాడికే అన్న జవాబుతో ఈ నగరం చాలా నష్టపోయింది. అంచనా విలువ కంటే 25 శాతానికి మించి తక్కువకు కోట్ చేస్తే అదనపు డిపాజిట్ కట్టించుకోవాలని 2003 నాటి జీవో 94 నుంచీ నిబంధన ఉంది. డిపాజిట్ ఖజానాకు రక్షణ ఇస్తుందేమో గానీ కాలువకు ఇవ్వదు. 30 శాతం లెస్‌కు పని తీసుకున్నవాడు ఆ లోటు ఎక్కడో పూడ్చుకోక తప్పదు. అడుగున వేయాల్సిన కాంక్రీటు బెడ్ పలచబడుతుంది. ఊచల మధ్య ఎడం పెరుగుతుంది. పక్కన పోసిన మట్టిని పొరలు పొరలుగా దట్టించకుండా ఒక్కసారే జేసీబీతో తోసేస్తారు. పైన స్లాబు పడ్డాక ఇవేవీ కనపడవు. మెజర్‌మెంట్ బుక్కులో కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి. కొలత పుస్తకాలను నమ్మి చెల్లిస్తే ఏమవుతుందో కూడా చూశాం. 2016లో పూడికతీత బిల్లుల కుంభకోణంలో జీహెచ్‌ఎంసీ ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు అరెస్టయ్యారు. పూడిక మోసినట్టు చూపిన నంబర్లలో ద్విచక్ర వాహనాలవీ ఉన్నాయి.

కాబట్టి ధరతో పాటు ఇలాంటి పనే గతంలో చేసి, కనీసం కొన్ని వానాకాలాలు నిలబెట్టిన అనుభవాన్ని అర్హతగా పెట్టాలి. సింగిల్ టెండరు వస్తే తెరవకూడదు, మళ్లీ పిలవాలి. నిర్మాణంతో పాటు అయిదేళ్ల నిర్వహణ కూడా అదే కాంట్రాక్టరుకు అప్పగించి, పూడికతీత ఏటా మార్చి 31లోగా పూర్తిచేసే బాధ్యత అతని మీదే ఉంచాలి. ఆ గడువు కూడా 2010 మార్గదర్శకాల్లో ఉన్నదే. కప్పేయబోయే ప్రతి పొరనూ కప్పకముందే బయటి సంస్థ వాళ్లు వచ్చి చూసి, ఫొటోతో సహా బహిరంగంగా పెట్టాలి. స్లాబు వేయడానికి అనుమతి ఆ తర్వాతే.

ఇంత కట్టుదిట్టం చేస్తే మంచి కాంట్రాక్టర్లు ముందుకు రారని అధికారులు అంటారు. మంచి కాంట్రాక్టర్లు రాకపోవడానికి అసలు కారణం షరతులు కాదు, బకాయిలు. చేసిన పనికి నెలల తరబడి బిల్లులు రాక కాంట్రాక్టర్లు కార్యాలయాల ముందు ధర్నాలు చేసిన నగరమిది. అప్పు తెచ్చి పని చేసి వడ్డీ కట్టుకునేవాడు నిజాయతీగా కోట్ చేయలేడు. చేయగలిగినవాడు దూరం జరుగుతాడు. కాలువ డబ్బును విడిగా ఎస్క్రో ఖాతాలో ముందే వేయండి, తనిఖీ అయిన నెలలోపు చెల్లించండి. అప్పుడు పేరున్న సంస్థలు వస్తాయి, రేట్లు కూడా వాస్తవ స్థాయికి వస్తాయి.

సమయం లేదు, ఎమర్జెన్సీ అన్న మాట కూడా వినపడుతుంది. నామినేషన్‌కు, ముక్కల టెండర్లకు ఎప్పుడూ తలుపు తీసేది ఆ మాటే. రెండేళ్ల ముందే తెలిసిన వానాకాలం ఎమర్జెన్సీ ఎలా అవుతుంది? ఆస్పత్రి డిజైన్ గీసిన రోజే దాని కాలువ డిజైన్ కూడా గీయగలం.

బాధ్యత ఎక్కడ ఆగుతుందన్నదే ఈ వాదన మొత్తానికి మూలం. 2020 సెప్టెంబరులో నేరేడ్‌మెట్‌లో 12 ఏళ్ల బాలిక తెరిచి ఉన్న నాలాలో కొట్టుకుపోయింది. 2023 ఏప్రిల్‌లో సికింద్రాబాద్ కళాసిగూడలో మరో చిన్నారి వాన నీటిలో కనపడని గుంతలో పడి ప్రాణం కోల్పోయింది. కళాసిగూడ ఘటన తర్వాత సస్పెన్షన్ వేటు పడింది కింది స్థాయి ఉద్యోగుల మీద. పై స్థాయిలో జరిగిన నిర్ణయాల మీద, వాటి ఫైళ్ల మీద సంతకం పెట్టినవాళ్ల మీద వేలెత్తినవాళ్లు తక్కువ. పిల్లల్ని పోగొట్టుకున్న ఆ ఇళ్లకు మనం బాకీ ఉన్నాం.

గోషామహల్ కాలువ డిజైన్‌ను, లెవెల్స్‌ను, టెండరు షరతులను ప్రభుత్వం వెంటనే తెలుగులో, ఉర్దూలో ప్రచురించాలి. చుట్టుపక్కల బస్తీవాసులు వాటిని చూసి అభ్యంతరం చెప్పడానికి నెల రోజులు ఇవ్వాలి. ఏ వీధిలో ఏ వానకు ఎంత ఎత్తున నీళ్లు నిలుస్తాయో వాళ్లకు తెలిసినంత ఏ సర్వేకూ తెలియదు. పని మొత్తానికి ఒక చీఫ్ ఇంజినీరును పేరు పెట్టి బాధ్యుణ్ని చేయాలి, పని పూర్తయ్యేదాకా ఆయన్ను బదిలీ చేయకూడదు. మొదటి వానాకాలంలో కాలువ చివరి గజం దాకా నీళ్లు పారి మూసీలో కలిశాయని ఆయన స్వయంగా చూసి సంతకం చేసేవరకు కాంట్రాక్టరుకు చివరి బిల్లు విడుదల కాకూడదు. ఆస్పత్రికి ప్రారంభోత్సవ తేదీ కూడా ఖరారు కాకూడదు.