మూగవారి గొంతు

వాక్యభాగము: 2 సమూయేలు 12:1–7, సామెతలు 31:8



"అయ్యగారూ, విశ్వాసులు కథల పుస్తకాలు చదవవచ్చా? సినిమాలు చూడవచ్చా?" అని మన యౌవనస్థులు తరచుగా అడుగుతుంటారు. చూడదగనివి, చదవదగనివి చాలా ఉన్నాయి. అందులో సందేహం లేదు. అయితే కథ మంచిదో కాదో తేల్చుకోవడానికి వాక్యంలోనే ఒక కొలత ఉంది.

దావీదు ఊరియాను చంపించి, అతని భార్యను తన ఇంటికి తెచ్చుకున్నాడు. ధర్మశాస్త్రం తెలిసినవాడే, అయినా మనస్సు కదలలేదు. అప్పుడు దేవుడు నాతానును పంపాడు. నాతాను ఆజ్ఞలు ఏకరువు పెట్టలేదు, ఒక కథ చెప్పాడు. ఒక పేదవానికి ఉన్నది ఒక్కటే గొఱ్ఱెపిల్ల. అది అతని పిల్లలతోపాటు పెరిగింది. ధనవంతుడొకడు తన మందను ముట్టకుండా దానిని పట్టుకుపోయి చుట్టానికి వండించాడు. వింటున్న దావీదు పేదవాని పక్షాన మండిపడ్డాడు. వెంటనే నాతాను, ఆ ధనవంతుడు మరెవరో కాదు, నీవే అన్నాడు. మంచి కథ చేసే పని ఇదే. ముందు పరాయివాని బాధ మనదిగా తోస్తుంది. తరువాత మన దోషం మనకు కనబడుతుంది.

ఇటువంటి పని చేసినవారు మన భాషలోనూ ఉన్నారు. గుర్రం జాషువగారు 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. 1915–16 ప్రాంతంలో ఆయన మన రాజమండ్రిలో సినిమా వాచకునిగా పనిచేశారన్న సంగతి చాలామందికి తెలియదు. అవి మూకీల కాలం. తెరమీద బొమ్మలు పెదవులు కదిపేవే గాని మాట వినబడేది కాదు. కథను, సంభాషణలను వాచకుడు చదివి వినిపించేవాడు. అదే జాషువగారు 1941లో 'గబ్బిలం' వ్రాశారు. గుడిలోకి రానివ్వని నిరుపేద ఒకడు, అడ్డు లేకుండా గుడిలో తిరిగే గబ్బిలంతో తన గోడు కాశీలోని శివునికి చెప్పి పంపుతాడు. మాలమాదిగ పల్లె వైపు ఎన్నడూ తొంగిచూడనివారు సైతం ఆ కావ్యం చదివినంతసేపు ఆ గుడిసెలో కూర్చోవలసిందే. మూగవారి పక్షాన నోరు తెరవమని సామెతలు 31:8 చెప్పే మాట ఇదే కదా!

కోనసీమలోని మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్నగారు 'పాలేరు' నాటకం వ్రాశారు. 'పాలేరు' అంటే లోకానికి ఒక పని పేరు మాత్రమే. ఆ నాటకంలో అతడు ఆశ, పరువు, చదువుమీద తపన ఉన్న మనిషి. దానిని చూసి ఎందరో తమ పిల్లలను బడికి పంపారని పెద్దలు చెబుతారు.

1978లో వచ్చిన 'కరుణామయుడు' చిత్రం సంగతి మన సంఘాలకు వేరే చెప్పనక్కరలేదు. ఊరూరా తెర కట్టి చూపించారు. సిలువ ఘట్టం వచ్చేసరికి ఏడవనివారు అరుదు. ఆ కన్నీరు మంచిదే. కాని తెర చుట్టేసిన తరువాత ఏమి మిగిలింది? ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె తింటున్న మనమే, పెళ్లి సంబంధం అనేసరికి ముందుగా "ఏ పేట వాళ్లు?" అని అడుగుతున్నాము. పక్క పేటవారికి వేరే గుడి, వేరే సమాధుల దొడ్డి అంటే మనకు వింతగా తోచడం లేదు. తెరమీది గాయాలకు ఏడ్చి, ఎదుటనున్నవాని గాయాన్ని దాటిపోతే, మనము సమరయుని కథలోని యాజకునివలె ఉన్నట్టే.

కనుక తల్లిదండ్రులారా, మంచి పుస్తకం చదివిన రాత్రి, మంచి చిత్రం చూసిన రాత్రి, కుటుంబ ప్రార్థనకు ముందు పిల్లలతో ఈ మూడు ప్రశ్నలు మాట్లాడండి.

1. మనము ఇంతవరకు వినని ఎవరి గోడు ఈ కథలో విన్నాము?
2. అటువంటివారు మన ఊరిలో ఎవరున్నారు?
3. ఈ వారములో వారి గుమ్మానికి మనము ఎందుకు వెళ్లకూడదు?

మూడవ ప్రశ్నను విడిచిపెట్టవద్దు. పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్ర ఉపదేశకునికి ప్రభువు కథ చెప్పి ఊరుకోలేదు. వెళ్లి ఆలాగు చేయమన్నాడు (లూకా 10:37).

ప్రార్థన: తండ్రీ, మా పక్క పేటలోని కన్నీటిని చూడగల కన్నులు మాకు దయచేయుము. ఆమేన్.